ఎడమచేతి గేరు

కృష్ణా డెల్టాలో గేర్ల సైకిలు ఎందుకని అడిగినవాళ్ళందరికీ నేను ఒకటే జవాబు చెప్పేదాన్ని, మీకెందుకని. పామర్రు చుట్టూ ఎటు చూసినా చదునైన వరిపొలాలు. ఎత్తు అంటూ ఏదైనా ఉంటే అది కాలవ మీది వంతెనే. అలాంటి చోట సైకిలుకి ముందుపక్క రెండు పళ్ళచక్రాలు కావాలని, చైనుని ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి నెట్టే పరికరం కావాలని ఒక ఆడమనిషి ఊరూరా ఫోన్లు చేస్తుంటే జనం నవ్వరా మరి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనూ ఎదురడిగేదాన్ని. నా నోరు మంచిది కాదని కాపురానికొచ్చిన కొత్తలోనే మా అత్తవారు తేల్చేశారు.

సైకిలు మా ఆయనది. మాది బట్టల వ్యాపారం. మామగారు చల్లపల్లి దగ్గర మగ్గం నేసిన మనిషి. మా ఆయన నేత వదిలేసి విజయవాడ వన్ టౌన్‌లో హోల్‌సేల్ కొట్టు పెట్టారు. ఆ కొట్లోనే ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు చెయ్యి, తర్వాత నడక. డాక్టరు పార్కిన్సన్స్ అన్నారు. మందులకి వణుకు కొంచెం తగ్గింది గాని, నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోవడం మాత్రం తగ్గలేదు. అడుగు పడదు. పాదాలు నేలకి మేకులు కొట్టినట్టు ఉండిపోతాయి. ఒకసారి గోడౌను గుమ్మంలో అట్లా ఆగిపోతే, వెనక బట్టల బేళ్ళ తోపుడుబండి వాడు "జరగండి సారూ" అని అరుస్తూనే ఉన్నాడు. ముందు ఆటోలు హారన్లు. సందంతా ఆగిపోయి ఆయన్నే చూస్తోంది. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి మొహానికి తువ్వాలు కప్పుకొని పడుకున్నారు. ఆ తర్వాత కొట్టు మా మరిదికి అప్పగించి, పామర్రులో కాలవ పక్కన చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం.

సైకిలు సంగతి అక్కడే బయటపడింది. విజయవాడలో ఉండగా పొద్దున్నే బ్యారేజీ దాకా తొక్కేవాళ్ళ గుంపులో చేరి ఆయన కొనుక్కున్న గేర్ల సైకిలు అది. సామాన్లతో పాటు వచ్చి వరండాలో పడి ఉంది. మంచం దగ్గర్నుంచి స్నానాలగది దాకా నడవలేని మనిషి, ఒకరోజు సాయంత్రం దాన్ని పట్టుకొని నిలబడ్డారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి సీటెక్కి తొక్కుకుంటూ పోతున్నారు. వెనకాల పరిగెత్తాను. ఆయన తిన్నగా, తూలకుండా, మామూలు మనిషిలా పోతున్నారు.

డాక్టరుని అడిగితే ఆశ్చర్యపోలేదు. ఈ జబ్బులో కొంతమందికి నడక పోయినా తొక్కడం పోదట. "ఖాళీ రోడ్డు మీద, పక్కన మనిషి ఉంటే తొక్కనివ్వండమ్మా. కాళ్ళు చురుగ్గా తిరగాలి, బరువు పడకూడదు. ఒకసారి మానేస్తే మళ్ళీ రావడం కష్టం" అన్నారు. ఆ చివరి మాట నేను మర్చిపోలేదు.

ఆ రోజునించీ ఆయన సైకిలు మీద, నేను స్కూటీ మీద. ఇంట్లో ఆయన గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉండేది, రెండు మాటలకే అలిసిపోయేవారు. సైకిలెక్కితే గొంతు వచ్చేది. ఎవరి చేలో ఏ వరి వేశారో, ఈ ఏడు కలంకారీ గుడ్డ ఎందుకు పోవట్లేదో, మా మరిది కొట్టుని ఎట్లా తగలేస్తున్నాడో, అన్నీ చెప్పేవారు. జబ్బు ఆయన మొహంలో కదలికనంతా పీకేసింది, నవ్వు రాదు. కానీ నాకు తెలిసిపోయేది. ఆ గంటసేపు నా మొగుడు నాకు దొరికేవాడు. మిగతా రోజంతా నేను ఆయన్ని మోస్తున్న మనిషిని, అంతే.

చిక్కల్లా వంతెనతోనే. మా ఇంటికి ఒకపక్క లారీలు తిరిగే పెద్దరోడ్డు. ఇంకోపక్క కాలవ వంతెన, అది దాటితే చల్లపల్లి వైపు పోయే ఖాళీ దారి. వంతెన దాటకపోతే తొక్కడానికి చోటు లేదు. రోజులు గడిచేకొద్దీ వంతెన ఎక్కడం ఆయనకి కష్టమైపోయింది. సాయంత్రం సముద్రం వైపు నుంచి వచ్చే గాలి ఒకటి, ఎదురు తోసేది. సగం ఎక్కాక కాళ్ళు నెమ్మదించేవి. నెమ్మదిస్తే ఆగుతాయి, ఆగితే ఇక అంతే. రెండుసార్లు నేను స్కూటీ అక్కడే పడేసి ఆయన్ని పట్టుకోవాల్సొచ్చింది.

గేర్లున్నాయి గదా మార్చుకోవచ్చు గదా అంటారు. వెనక గేర్ల లీవరు కుడిచేతి వైపు ఉంటుంది. ఆ చెయ్యే వణికే చెయ్యి. ఒకటి నొక్కబోతే మూడు పడేవి. ముందు గేర్ల లీవరు ఎడమచేతి వైపు. ఆ చెయ్యి ఇంకా ఆయన మాట వింటోంది. కాబట్టి ఆయనకి మిగిలిన గేరల్లా ముందుదే. అక్కడేమో మూడు పళ్ళచక్రాలు. నడిమిది ఎక్కడుందో దొరకదు, చైను అటూ ఇటూ పోయి కరకరలాడేది. పెద్దదాని పళ్ళు అరిగిపోయి చైను జారేది కూడా.

పామర్రు సైకిలు మెకానిక్కు చూసి, మూడూ తీసేసి రెండే పెట్టుకోమన్నాడు. వంతెనకి చిన్నది, చదునుకి పెద్దది. ఎడమచేత్తో ఒకసారి ఇటు, ఒకసారి అటు. "చిన్నదొక్కటే పెడితే పోలా, తేలిగ్గా ఉంటది" అన్నాడు మా మరిది. అదీ చూశాం. చదును మీద చిన్న చక్రంతో తొక్కితే కాళ్ళు ఉత్తినే గిరగిరా తిరిగి పాదాలు పెడల్ మీంచి జారిపోయాయి. పాదం ఎక్కడుందో తెలియాలంటే ఆయనకి కాస్త బరువు ఉండాలి. మరీ ఎక్కువుంటే వంతెన దగ్గర ఆగిపోతారు. అందుకే రెండు కావాలి.

విజయవాడ డీలరుకి ఫోన్ చేస్తే అతను ప్రశ్నల మీద ప్రశ్నలు. పెద్ద చక్రానికి ఎన్ని పళ్ళు కావాలి, చిన్నదానికి ఎన్ని. రెండింటికీ తేడా మరీ ఎక్కువైతే డిరైలర్ లాగలేదటండీ. డిరైలర్ అంటే చైనుకి అటూ ఇటూ రెండు రేకులుండి దాన్ని పక్కకి నెట్టేది. ఆ రేకుల వంపు పెద్ద చక్రం గుండ్రానికి సరిపోవాలి, రెండింటి మధ్యా రూపాయి బిళ్ళ మందమే ఖాళీ ఉండాలి. మూడు చక్రాలకి చేసిన డిరైలర్ రెండింటికి పనికిరాదు, దాని లోపలి రేకు లోతుగా దిగి ఉంటుంది. వైరు పైనించి లాగుతుందా కిందనించా. లీవరుకి రెండు క్లిక్కులా మూడా. పెడళ్ళూ పళ్ళచక్రాలూ బిగించి ఉండే క్రాంక్ సెట్ ఇరుసు ఎంత పొడుగు. అది తేడాపడితే చక్రం పక్కకి జరిగి డిరైలర్‌కి అందదు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. సంబంధం కుదిర్చేటప్పుడు కూడా ఇన్ని అడగరు గదండీ అన్నాను. "సంబంధం కుదరకపోతే సర్దుకుపోతారమ్మా, ఇది సర్దుకోదు" అన్నాడు.

మా ఆయనకి ఇదంతా విని హుషారొచ్చింది. పళ్ళు లెక్కపెట్టారు. ఫోన్‌లో బొమ్మలు చూసి బూడిదరంగు క్రాంక్ సెట్‌కి బూడిదరంగు డిరైలరే ఉండాలన్నారు. అంచుకి కొంగు కలవకపోతే చీర అమ్మని మనిషి. "రంగు కాదండీ, కొలత" అని నేను కసిరాను. ఆఖరికి డీలరు అడిగింది, డిరైలర్ బిగించే పట్టీ కోసం సీటు కింద గొట్టం మందం. దాన్ని బట్టి పట్టీ సైజు. ఆయన సొరుగులోంచి కొట్టు టేపు తెప్పించుకున్నారు. "నేను కొలుస్తా, నువ్వు రాసుకో" అన్నారు. ఎన్నాళ్ళకో ఒక పని ఆయన నాకు చెప్పారు, నేను విన్నాను. టేపు గొట్టం చుట్టూ తిప్పి అంకె చదివారు. ఫోన్‌లో లెక్క వేసి డీలరుకి చెప్పాను.

సామాను వచ్చింది. మెకానిక్కు పాత క్రాంక్ సెట్ ఊడదీశాడు. ఏళ్ళ తుప్పు పట్టి మర అరిగిపోయింది, అది ఇక మళ్ళీ ఎక్కేది కాదు. కొత్తది బ్రహ్మాండంగా కూర్చుంది. డిరైలర్ పట్టీ మాత్రం గొట్టం మీద వదులుగా గాజులా తిరుగుతోంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పాతది పనికిరాకుండా పోయింది, కొత్తది బిగుసుకోదు.

డీలరు తప్పే అనుకొని ఫోన్‌లో అతన్ని దులిపేశాను. అతను ఓపిగ్గా, "మళ్ళీ ఒక్కసారి కొలవండమ్మా" అన్నాడు. మా ఆయనకే టేపు ఇచ్చాను, ఈసారి పక్కన కూర్చొని చూశాను. ఆయన టేపు చుట్టారు. చుట్టి, చూపుడువేలు టేపు కిందకి దూర్చారు. తర్వాత అంకె చదివారు.

బట్టల కొట్లో ఎవరైనా చేసేది అదే. గుడ్డ నీళ్ళలో పడితే ముడుచుకుంటుంది, అందుకని ఏం కొలిచినా వేలెడు వదలాలి. మామగారు ఆయనకి చిన్నప్పుడే నేర్పిన పద్ధతి. వదలకుండా కోసి ఇస్తే గిరాకీ తెచ్చి మన మొహాన కొడతాడని మా ఆయనే మరిదికి నేర్పారు. ఆయన చెయ్యి అది మానదు.

"ఏవండీ, ఇనుము ముడుచుకోదండీ" అన్నాను.

ఆయన తన వేలు వంక చూసుకున్నారు. "చెయ్యి తనంతట అదే పోయిందే" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. కాళ్ళు వద్దన్నా ఆగిపోతాయి, చెయ్యి వద్దన్నా వణుకుతుంది. ఆయన చెప్పకుండానే ఒళ్ళు సరిగ్గా చేసే పని ఇదొక్కటే మిగిలింది, అదీ కొంప ముంచింది. టేపు తీసుకొని నేనే మళ్ళీ కొలిచాను.

సరైన పట్టీ ఉన్న డిరైలర్ చెన్నై నుంచి రావాలన్నారు. ఈలోపు మెకానిక్కు పాత ట్యూబు రబ్బరు కోసి గొట్టానికి చుట్టి, దాని మీద పట్టీ బిగించాడు. ఇంటి ముందు బాగానే మారింది. ముందు నువ్వెక్కి వంతెన మీద చూపించు అన్నాను. సగం ఎత్తులో లీవరు నొక్కగానే పట్టీ మెలి తిరిగి, డిరైలర్ చైనులో ఇరుక్కుపోయి, మెకానిక్కు రోడ్డు మీద పడ్డాడు. మోకాలు దోక్కుపోయింది. అతను లేచి దుమ్ము దులుపుకున్నాడు. అదే మా ఆయనైతే లేచేవారు కాదు. ఇక రబ్బరు మాట ఎత్తొద్దన్నాను.

"వంతెన దిగాక ఒకసారి ఆపి, చైను చేత్తో మార్చుకుంటే సరిపోద్ది గదా వదినా" అన్నాడు ఆదివారం వచ్చిన మరిది.

"ఆపితే మళ్ళీ ఎవరు కదిలిస్తారయ్యా, నువ్వొచ్చి కదిలిస్తావా రోజూ?" అన్నాను. అతను కాఫీ తాగి విజయవాడ వెళ్ళిపోయాడు.

ఎదురుచూశాం. ముసురు పట్టింది. ఫోన్ చేసినప్పుడల్లా "వచ్చేస్తదమ్మా, దారిలో ఉంది" అనేవాడు డీలరు. సైకిలు వరండాలో గోడకి ఆనించి ఉంది. ఆయన మంచం మీంచి దాన్ని చూస్తూ పడుకునేవారు. మొదట్లో సాయంత్రం అయ్యేసరికి చొక్కా వేసుకొని కూర్చునేవారు. తర్వాత చొక్కా అడగడం మానేశారు. గుమ్మాల దగ్గర ఆగిపోవడం ఎక్కువైంది. నేల మీద అడ్డంగా గీతలుంటే వాటిని దాటుతూ అడుగేస్తారని ఎవరో చెబితే, పాత చీరల అంచులు కత్తిరించి మంచం దగ్గర్నుంచి స్నానాలగది దాకా అతికించాను. కొన్నాళ్ళు పనిచేశాయి. ఆ తర్వాత వాటి ముందు కూడా ఆగిపోయేవారు. గొంతు పూర్తిగా లోపలికి పోయింది. ఏదైనా అడిగితే పెదాలు కదిలేవి, నేను చెవి దగ్గర పెట్టి వినాలి. నాకు భయం పట్టుకుంది. ఆ పార్శిలు ముందొస్తుందా, ఈ జబ్బు ముందు ఆ తొక్కుడు కూడా లాగేసుకుంటుందా అని. ఎదురుచూసే పని నా ఒంటికి పడదు. డీలరుని తిట్టాను, వానని తిట్టాను, వంటింట్లో గిన్నెలు విసిరాను.

పార్శిలు వచ్చింది. సైజు సరిపోయింది. మెకానిక్కు పట్టీ బిగించి, రేకులు సర్ది, వైరు లాగి, ఎడమచేతి లీవరు నొక్కి చూపించాడు. టక్కున చిన్నదాని మీదకి, టక్కున పెద్దదాని మీదకి. చైను ఎక్కడా రాసుకోలేదు. అంత బాగా కుదిరింది.

ఆ సాయంత్రమే ఎక్కుతానన్నారు. ఎక్కించడానికి నేను, మెకానిక్కు, వచ్చి ఉన్న మరిది, ముగ్గురం కావలసొచ్చింది. కాలు సీటు మీంచి అవతలికి పోలేదు. మరిది కాలు ఎత్తి అవతల పెట్టాడు. మెకానిక్కు కుడి పాదం పెడల్ మీద పెట్టాడు. ఆయన మా ముగ్గురి వంకా ఒక్కొక్కరినే చూశారు. "వద్దులెండి, రేపు చూద్దాం" అన్నాను. తల అడ్డంగా ఊపారు. నెట్టాం.

పాదాలు తిరిగాయి. ఎక్కడ దాచిపెట్టుకుందో ఆ తొక్కుడంతా ఆయన ఒళ్ళు. స్కూటీ మీద వెనకే నేను. వంతెన దగ్గర ఎడమచెయ్యి లీవరు నొక్కింది, చైను చిన్నదాని మీదకి దిగింది, ఆయన ఆగకుండా ఎక్కేశారు. దిగాక మళ్ళీ నొక్కారు, పెద్దది. నాకు ఏడుపొచ్చేసింది. స్కూటీ నడుపుతూనే ఏడ్చాను, ఎవరు చూస్తే నాకేం.

రైసుమిల్లు దగ్గర వెనక్కి తిరగడం మా అలవాటు. అక్కడ రోడ్డు వెడల్పు, ఆగకుండా తిరగొచ్చు. ఆయన తిరగలేదు. తిన్నగా పోయారు.

పక్కకి వెళ్ళి, "ఏవండీ, మిల్లు దాటేశాం" అన్నాను.

"తెలుసు." గొంతు వచ్చింది. ఇంట్లో చెవి పెట్టి వినాల్సిన గొంతు, గాలికి ఎదురుగా నాకు వినపడింది.

"చీకటి పడతది. తిరగండి."

"దిగితే మళ్ళీ ఎక్కనే. ఇందాక చూశావుగా."

"రేపూ ముగ్గురం పట్టుకుంటాం. రోజూ పట్టుకుంటాం."

"అట్లా వద్దు నాకు. పోనియ్యి. నువ్వు కూడా రా."

ఆపాలంటే చెయ్యి చాపితే అందే దూరంలోనే ఉన్నాను. ఆపలేదు. ఆయన పక్కన పోతూనే ఉన్నాను. రెండుపక్కలా వరి పొట్టకొచ్చి ఉంది. ఆయన చల్లపల్లి సంగతులు చెప్పారు. వానాకాలం గుంటమగ్గం కింద కాళ్ళు పెట్టే గోతిలోకి నీళ్ళూరితే వాళ్ళ నాన్న తోడిపోసి మరీ కూర్చునేవాడని, ఆ నీళ్ళ చల్లదనం ఇంకా తన పాదాలకి తెలుస్తుందని చెప్పారు. నాకెప్పుడూ చెప్పని మాటలు. ఆయన మాట్లాడుతుంటే నాకు సంతోషంగానే ఉంది, ఆ సంతోషంలోనే భయంగా ఉంది.

ముందు ఇంకో కాలవ, ఇంకో వంతెన వచ్చాయి. మా ఇంటి దగ్గరదానికంటే ఎత్తు. ఆయన మాటలు ఆపి లీవరు నొక్కారు. చైను చిన్నదాని మీదకి దిగడం విన్నాను. గేరు చెప్పినట్టే విన్నది. కాళ్ళు మాత్రం నెమ్మదించాయి. ఒక్కో తిప్పుకీ సైకిలు ఇటూ అటూ ఊగింది. నేను స్కూటీ వదిలేసి పరిగెత్తి, సీటూ హ్యాండిలూ పట్టుకునే సరికి పాదాలు ఆగిపోయాయి. ఆయన బరువంతా నా భుజం మీదకి వచ్చింది.

వెనక ట్రాక్టరు ఒకటి వచ్చి ఆగి హారన్ కొట్టింది. నేను కదల్లేను, వదిలితే పడిపోతారు. ఆయన నోరు నా చెవి దగ్గరే ఉంది.

"ఇంతకంటే తేలికది లేదా?" అన్నారు.

గొంతు అప్పుడే మళ్ళీ చిన్నదైపోయింది.

"లేదండీ. ఇదే చిన్నది" అన్నాను.

ట్రాక్టరు మనిషి దిగి వచ్చి అవతలి పక్క పట్టుకున్నాడు. అప్పుడు నేను ఆయన వేళ్ళు హ్యాండిల్ మీంచి విప్పడం మొదలుపెట్టాను. కుడిచేతివి తేలిగ్గానే వచ్చాయి. ఎడమచేతి బొటనవేలు మాత్రం రాలేదు, అది ఇంకా లీవరు నొక్కుతూనే ఉంది.